తీర నగరంపై అరుదైన మెరుపుల రాత్రిని ఫోటో తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉరుములూ మెరుపులూ పెద్దగా ఎరగని తీర నగరంపై ఏ కొన్నేళ్లకో ఒకసారి ఆకాశం తెల్లవార్లూ వెలిగి ఆరే రాత్రి వస్తుంది. అది ముందుగా కబురు పెట్టి రాదు, వచ్చాక కెమెరా మెనూలు వెతుక్కునే వ్యవధి ఇవ్వదు. ఈ కింది ప్రశ్నలు అటువంటి రాత్రికి ముందో, ఆ రాత్రి చేజారిన మర్నాడో అందరూ అడిగేవే. జవాబుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ఆ ఫోటోలో రెండు వెలుగులుంటాయి. మెరుపుది రెప్పపాటు వెలుగు, నగరానిది నిలకడ వెలుగు. ఈ రెంటినీ కెమెరాలో వేర్వేరు చోట్ల అదుపు చేయవలసి ఉంటుంది.

కొన్ని తీర నగరాల్లో మెరుపులు ఎందుకంత అరుదు?

మెరుపు పుట్టాలంటే తేమ ఒక్కటే చాలదు, ఆ తేమను చాలా ఎత్తుకు తోసుకుపోయే గాలి కూడా కావాలి. క్యుములోనింబస్ అనే నిలువెత్తు ఉరుముల మేఘంలో ఉష్ణోగ్రత సున్నాకు 10 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉండే పొరలో సన్నని మంచు స్ఫటికాలూ, మెత్తని వడగళ్ల ముద్దలూ ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు విద్యుదావేశాలు వేరుపడతాయి; తేలికైన స్ఫటికాలు ఎక్కువగా ధనావేశంతో పైకి పోతాయి, బరువైన ముద్దలు రుణావేశంతో కింద నిలుస్తాయి. చల్లని సముద్ర ప్రవాహం ఆనుకొని ఉన్న తీరంలో నీటిని తాకిన గాలి చల్లబడి కిందే పడి ఉంటుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఆ మూత ఉన్నంతకాలం మేఘం నిలువుగా ఎదగలేదు. కాలిఫోర్నియా ప్రవాహం పక్కనున్న శాన్ ఫ్రాన్సిస్కోలోనూ, హంబోల్ట్ ప్రవాహం పక్కనున్న పెరూ రాజధాని లిమాలోనూ పొగమంచుతో పోలిస్తే ఉరుము అపురూపం కావడానికి కారణం ఇదే.

అయితే పై ఎత్తుల్లోకి వేరే చోటినుంచి తేమ వచ్చి చేరితే, కింది మూతతో పని లేకుండానే మెరుపులు పుడతాయి. 2020 ఆగస్టు 16 తెల్లవారుజామున శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతంపై జరిగింది అదే: బలహీనపడిపోయిన ఉష్ణమండల తుఫాను ఫౌస్టో తేమ ఉత్తరానికి కొట్టుకువచ్చి, వాన పెద్దగా లేకుండానే వేలకొద్దీ మెరుపులు కురిపించింది. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. అవే మెరుపులు ఎండిన అడవులను అంటించి పెద్ద కార్చిచ్చులుగా మారాయి.

అటువంటి రాత్రిని ముందుగా పసిగట్టడం ఎలా?

వాతావరణ సూచనలో ‘ఉరుములతో కూడిన వాన’ అనే మాట కనబడిన నాటి నుంచే బ్యాటరీలు ఛార్జింగ్‌లో పెట్టడం మంచిది. ఆ రోజు సాయంత్రం నుంచి రెండు తెరలు తెరిచి ఉంచుకోవాలి: ఒకటి వాన రాడార్, రెండోది మెరుపులను పట్టే పటం. స్వచ్ఛంద కార్యకర్తల యాంటెన్నాలతో నడిచే బ్లిట్జోర్టుంగ్ వంటి వ్యవస్థ మెరుపు పడిన కొద్ది సెకన్లలోనే చుక్క చూపిస్తుంది. 2016లో ప్రయోగించిన అమెరికా ఉపగ్రహం గోస్-16 మొదలుకొని కొన్ని వాతావరణ ఉపగ్రహాలు కూడా మెరుపులను పైనుంచి నేరుగా లెక్కిస్తున్నాయి. చుక్కల సంఖ్య కంటే, అరగంటలో అవి ఏ దిక్కుకు జరిగాయన్నదే ఫోటో తీసేవారికి ముఖ్యం.

మొత్తం మీద సముద్రం కంటే నేల మీద మెరుపులు సుమారు పది రెట్లు ఎక్కువ. వెచ్చని సముద్రాల పక్కన మాత్రం రాత్రి పొద్దుపోయాక నేల మీది చల్లగాలి సముద్రం మీదికి వీస్తూ అక్కడి తేమగాలిని పైకి లేపుతుంది. అందువల్ల తీరానికి కాస్త దూరాన, నీటి మీద, అర్ధరాత్రి దాటాక మెరుపులు ఊపందుకోవడం మామూలే. అలారం పెట్టుకొని లేవగలిగినవారికి దొరికే దృశ్యం అది.

ఎక్కడి నుంచి తీయాలి? సముద్రపు ఒడ్డుకు వెళ్లవచ్చా?

వెళ్లకూడదు. ఒడ్డు నుంచి ఆకాశం విశాలంగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ ఆ చదునైన ఇసుకలో అన్నిటికంటే ఎత్తుగా నిలబడి ఉండేది మీరూ, మీ ట్రైపాడూ. జెట్టీ, మేడమీది డాబా, బాల్కనీ కూడా ఆరుబయలుకిందే లెక్క. తలమీద చూరు ఉన్నంత మాత్రాన రక్షణ దొరకదు. చుట్టూ గోడలు, లోపల నీటి పైపులూ విద్యుత్ తీగలూ ఉన్న కట్టడమే రక్షణ, ఎందుకంటే పిడుగు ప్రవాహం వాటి గుండా నేలకు దిగుతుంది. అదే కారణంగా లోపల ఉన్నవారు ఆ పైపులనూ, గోడ ప్లగ్గుకు తగిలించిన వస్తువులనూ ముట్టుకోకుండా ఉండాలి. కెమెరాను బ్యాటరీతోనే నడపండి, ఛార్జర్ తీగతో కాదు.

అన్నిటికంటే మంచి చోటు ఎత్తైన అంతస్తులో మూసిన గాజు కిటికీ లోపలి గది. కెమెరాను కిటికీ దగ్గర నిలబెట్టి, దానంతట అదే వరుసగా ఫోటోలు తీయించే ఇంటర్వల్ టైమర్‌ను నడిపించి, మీరు మాత్రం గది మధ్యలో కూర్చోండి. ఫోటోగ్రాఫర్ వ్యూఫైండర్‌కు కన్ను అంటించుకొని ఉండవలసిన అవసరం ఈ పనిలో లేనేలేదు. ఇల్లు అనుకూలంగా లేకపోతే లోహపు పైకప్పు ఉన్న కారు, అద్దాలన్నీ ఎత్తి. కాపాడేది టైర్ల రబ్బరు అని చాలామంది అనుకుంటారు గాని, కాపాడేది చుట్టూ ఉన్న లోహపు తొడుగు. పిడుగు దాని మీదుగా జారి నేలకు పోతుంది.

తుఫాను ఎంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుంది?

మెరుపు కనబడిన క్షణం నుంచి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది కాబట్టి ఈ లెక్క. ముప్పై సెకన్లు, అంటే పది కిలోమీటర్ల లోపు వచ్చిందంటే బయట ఉన్నవారు లోపలికి వెళ్లిపోవాలి, చివరి ఉరుము విన్నాక మరో 30 నిమిషాలు బయటికి రాకూడదు. తీర నగరంలో ఒక చిక్కు ఉంది: అలల హోరు, రోడ్ల రొద దూరపు ఉరుమును మింగేస్తాయి. ఉరుము వినబడలేదు కాబట్టి దూరంగా ఉందనుకోవడం ఇక్కడ చెల్లదు. పైగా వాన పడే చోటికి 15 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు.

ఫోటోకు అనువైనది 15 నుంచి 30 కిలోమీటర్ల దూరం. మేఘం అడుగు నుంచి తలదాకా ఫ్రేములో ఇముడుతుంది, మధ్యలో వాన తెర అడ్డురాదు, నగరం ముందు వరుసలో నిలుస్తుంది. నెత్తిమీదికి వచ్చిన తుఫానులో అంతా తెల్లగా వెలగడం తప్ప ఆకారం కనబడదు.

లోహపు ట్రైపాడ్ పిడుగును ఆకర్షిస్తుందా?

లోహం కాబట్టి ఆకర్షించదు. ఎత్తు, మొనదేలిన ఆకారం, ఒంటరితనం అనే మూడే పిడుగును పిలుస్తాయి. కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ కొంటే బయలులో నిలబడవచ్చన్న భ్రమ మాత్రం వద్దు.

అపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ ఎంతెంత పెట్టాలి?

అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు చొరబడే రంధ్రం, ఎఫ్ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. షట్టర్ ఆ వెలుగు ఎంతసేపు పడాలో తేల్చే తలుపు. ఐఎస్‌ఓ అంటే వెలుగును పట్టే సెన్సార్ ఎంతగా స్పందించాలన్న అమరిక. మెరుపు మొత్తం సాధారణంగా సెకనులో మూడో వంతు కూడా ఉండదు. ఆ వ్యవధిలోనే ఒకే దారిలో మూడు నాలుగు విద్యుత్ ఘాతాలు ఒకదాని వెంట ఒకటి పరుగెడతాయి, మన కంటికి అది మిణుకుగా తోస్తుంది. షట్టర్ 5 సెకన్లు తెరిచినా 20 సెకన్లు తెరిచినా ఆ మెరుపు సెన్సార్‌కు ఇచ్చే వెలుగు అంతే. కాబట్టి మెరుపు గీత ఎంత ప్రకాశంగా రావాలన్నది అపర్చర్, ఐఎస్‌ఓ తేలుస్తాయి. వీధి దీపాలు, ఓడరేవు లైట్లు, మేఘాల మీద పడిన నగరపు కాంతి మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పోగవుతూనే ఉంటాయి. వాటిని షట్టర్ వ్యవధితో సవరించుకోవచ్చు.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 8 సెకన్లు పెట్టి ఒక పరీక్ష ఫోటో తీశారనుకోండి. నగరం చక్కగా వచ్చింది, ఇంతలో దగ్గరగా పడిన మెరుపు మాత్రం తెల్లని ముద్దలా పొంగిపోయింది. అప్పుడు అపర్చర్‌ను ఎఫ్/11కు దించి, షట్టర్‌ను 16 సెకన్లకు పెంచితే నగరం ఎప్పటిలాగే ఉంటుంది, మెరుపు వెలుగు సగమవుతుంది. దూరపు మెరుపు పీలగా వస్తోందనుకోండి, అప్పుడు ఎఫ్/5.6, 4 సెకన్లు. ఈ ఒక్క మార్పిడి చేతికి అలవాటయితే మిగతావన్నీ చిన్న విషయాలే. మొదలుపెట్టడానికి దూరపు తుఫానుకు ఎఫ్/5.6, పది కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్నదానికి ఎఫ్/8, ఇంకా దగ్గరగా వచ్చినదానికి ఎఫ్/11 లేదా ఎఫ్/16 ఎంచుకోండి. ఐఎస్‌ఓ 100 దాటకుండా చూసుకోండి. నగరం వైపు కాక చీకటి సముద్రం వైపు తిప్పితే షట్టర్ 20 సెకన్లు దాటినా ఫర్వాలేదు.

ఒక ఫ్రేమును వంద శాతం పెద్దది చేసి చూస్తే అపర్చర్ సరిపోయిందో లేదో ఇట్టే తెలుస్తుంది. మెరుపు మార్గం అసలు వెడల్పు కొద్ది సెంటీమీటర్లే. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాకు 24 ఎంఎం లెన్స్ తగిలిస్తే, పది కిలోమీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ దాదాపు రెండున్నర మీటర్లను కవర్ చేస్తుంది. అంటే ఫోటోలో కనబడే గీత లావంతా లెన్స్‌లోనూ, సెన్సార్‌లోనూ, తేమగాలిలోనూ చెదిరిన వెలుగే. రెండు మూడు పిక్సెళ్ల మందాన తెల్లగా, అంచుల్లో పలుచని ఊదా రంగుతో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పది పిక్సెళ్లు మించి, కొమ్మలన్నీ కాండంలో కలిసిపోతే అపర్చర్ ఒక మెట్టు (ఎఫ్/8 నుంచి ఎఫ్/11కు అన్నట్టు) మూయాలి.

ఏ లెన్స్ వాడాలి?

ఎంఎం అంకె తగ్గేకొద్దీ లెన్స్ వెడల్పైన దృశ్యాన్ని చూపుతుంది. 10 కిలోమీటర్ల దూరానికి 24 ఎంఎం, 20 కిలోమీటర్లకు 50 ఎంఎం సుమారుగా ఒకే ఎత్తు ఆకాశాన్ని చూపుతాయి. ఎక్కడ పడుతుందో తెలియనప్పుడు వెడల్పుగా పెట్టుకోండి. తర్వాత కత్తిరించుకోవచ్చు, ఫ్రేము బయట పడినదాన్ని మాత్రం తెచ్చుకోలేరు.

ఫోకస్ ఎందుకు తప్పుతుంది?

చీకట్లో ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు, మెరుపు మీద ఫోకస్ చేసే వ్యవధి ఎలాగూ లేదు. లంగరేసిన ఓడ దీపమో, దూరపు భవనం మీది ఎర్ర లైటో లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి, ఆ చుక్క అతి చిన్నదిగా కనబడేదాకా రింగు తిప్పి, మాన్యువల్‌లో వదిలేయండి. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మకండి, చాలా లెన్సులు దాన్ని దాటి తిరుగుతాయి. రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. జూమ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి.

ట్రైపాడ్ మీద పెట్టినా మంచి మెరుపులన్నీ రెండు ఫ్రేముల మధ్యే పడుతున్నాయి. ఏం చేయాలి?

ముందు మెనూలో ‘లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్’ ఆఫ్ అయిందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే 15 సెకన్ల ఫోటో తర్వాత కెమెరా మరో 15 సెకన్లు షట్టర్ మూసుకొని చీకటి ఫ్రేము తీసుకుంటుంది; అంటే రాత్రిలో సగం కాలం కెమెరా గుడ్డిది. నేను దీన్ని పాఠంగా కాదు, నష్టంగా నేర్చుకున్నాను. మేఘం నుంచి మేఘానికి పాకి, దిగంతం పొడవునా వేరులా చీలిన ఒక మెరుపు కనబడినప్పుడు నా కెమెరా వెనక తెర మీద ‘ప్రాసెసింగ్’ అన్న మాట మాత్రమే ఉంది. ఆ రాత్రి అటువంటిది మళ్లీ పడలేదు.

తర్వాత కెమెరాను కంటిన్యువస్ డ్రైవ్‌లో పెట్టి, కేబుల్ రిలీజ్ (కెమెరాకు తీగతో తగిలించే) బటన్‌ను నొక్కి తాళం వేయండి. అప్పుడు ఒక ఫ్రేము ముగియగానే ఇంకొకటి మొదలవుతుంది, మధ్యలో సందు చాలా తక్కువ. ఎలక్ట్రానిక్ షట్టర్ కంటే మెకానికల్ షట్టర్ మేలు. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సార్‌ను వరుసల వారీగా చదివే సమయంలో మెరిస్తే ఫ్రేములో సగం వెలుగు, సగం చీకటి అడ్డపట్టీగా మిగులుతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి కుదుపును సరిదిద్దే లెన్స్ స్టెబిలైజర్ కూడా ఆపేయండి.

ఫ్లాష్ ఉపయోగపడుతుందా?

లేదు. కిటికీ అద్దంలో మీ ముఖాన్ని ఫోటో తీస్తుంది.

పగటిపూట తీయగలమా?

తీయగలం, కానీ పని వేరు. పగటి వెలుగులో షట్టర్‌ను సెకన్ల తరబడి తెరవలేం. దీనికి రెండు దారులు. ఒకటి వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి అర సెకను, సెకను ఫ్రేములు వరుసగా తీయడం. ఫిల్టర్ మెరుపును కూడా అంతే మసకబారుస్తుంది కాబట్టి దగ్గరి మెరుపులే నిలుస్తాయి. రెండోది లైట్నింగ్ ట్రిగ్గర్: వెలుగు హఠాత్తుగా పెరగడాన్ని పసిగట్టి అదే షట్టర్ నొక్కుతుంది. మొదటి ఘాతానికి స్పందించి కెమెరా తెరుచుకునే సరికి అది ముగిసిపోయినా, అదే మార్గంలో తర్వాతి ఘాతాలు పదుల మిల్లీసెకన్ల ఎడంతో వస్తాయి కాబట్టి ఫోటో దక్కుతుంది. ఇందులో ఒక లోటుంది: పక్క కొమ్మలు ఎక్కువగా మొదటి ఘాతంలోనే వెలుగుతాయి. అందుకే ట్రిగ్గర్ ఫోటోల్లో మెరుపు తరచు కొమ్మలు లేని ఒంటి కాండంలా కనిపిస్తుంది. నా మట్టుకు పొద్దు గుంకిన తర్వాతి అరగంటే ఇష్టం. ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది, దీపాలు వెలిగి ఉంటాయి, నాలుగైదు సెకన్ల షట్టర్ సరిపోతుంది.

ఫోన్‌తో తీయవచ్చా?

తీయవచ్చు. నైట్ మోడ్ వద్దు. అది చాలా చిన్న ఫ్రేములను కలిపి సగటు తీస్తుంది గనుక ఒక్క ఫ్రేములో మెరిసినదాన్ని పొరపాటుగా భావించి మసకబరచే ప్రమాదం ఉంది. ప్రో మోడ్‌లో ఫోకస్‌ను దూరానికి పెట్టి, ఐఎస్‌ఓ 50 లేదా 100, షట్టర్ 4 సెకన్లతో మొదలుపెట్టండి. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు కాబట్టి మెరుపు వెలుగును తగ్గించే సాధనం ఐఎస్‌ఓ ఒక్కటే. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా ఏదైనా గట్టి ఆనికకు నిలబెట్టి, టైమర్‌తో నొక్కండి.

ఇవేవీ కుదరకపోతే వీడియో తీసి, అందులోంచి ఫ్రేము ఏరుకోండి. 4కె వీడియోలో ఒక ఫ్రేము దాదాపు 8 మెగాపిక్సెళ్లు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అయితే ఇంకో వింత దొరకవచ్చు: పెద్ద వెలుగుకు ముందు, కొమ్మలు చాచుకుంటూ మసగ్గా కిందికి దిగే గీత నాలుగైదు ఫ్రేముల్లో కనబడుతుంది. నేలను వెతుక్కుంటూ మెట్లు మెట్లుగా దిగే మార్గం అది. అది నేలకు ఆనగానే అసలు వెలుగు కింది నుంచి పైకి పరుగెడుతుంది.

కిటికీ అద్దం, తేమ, ఉప్పు: వీటితో ఎలా?

గదిలో దీపాలన్నీ ఆర్పి, లెన్స్ హుడ్‌ను (లెన్స్ ముందు తగిలించే తొడుగును) అద్దానికి దాదాపు ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పండి. ఛార్జర్ మీది చిన్న పచ్చలైటు కూడా అద్దంలో చుక్కగా పడుతుంది. ఏసీ నడిచే గదిలో కిటికీకి బయటి వైపు తేమ పట్టి ఫోటోలన్నీ పాలిపోతాయి, గంట ముందే ఏసీ ఆపేయండి. చల్లటి కెమెరాను ఉక్కపోతలోకి తేవలసి వస్తే మూసిన సంచిలోనే అరగంట ఉంచి తర్వాత తీయండి. సముద్రపు తుంపర ఆరిన లెన్స్‌ను పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు గాలి బుడ్డితో ఊది, కాస్త తడిపిన మెత్తని గుడ్డతో ఉప్పును కరిగించి, ఆ తర్వాతే తుడవండి.

ఫోటో చూసి మెరుపు గురించి ఏం చెప్పవచ్చు?

చాలా చెప్పవచ్చు. కొమ్మలు కిందికి విచ్చుకుంటే అది మేఘం నుంచి దిగిన పిడుగు. కొమ్మలు చెట్టులా పైకి విచ్చుకుంటే, ఎత్తైన భవనం కొన నుంచి పైకి లేచిన మెరుపు. ఆకాశహర్మ్యాలున్న తీర నగరంలో ఇది అంత అరుదు కాదు. ఒకే గీత పక్కపక్కన రెండు మూడు పోగుల రిబ్బన్‌లా కనిపిస్తే, ఘాతాల మధ్య వ్యవధిలో గాలి ఆ వేడి మార్గాన్ని పక్కకు నెట్టింది, లేదా ట్రైపాడ్ కదిలింది. వీధి దీపాలు కూడా చెదిరి ఉంటే తప్పు ట్రైపాడ్‌దే. ఊదా, గులాబీ ఛాయలు గాలిలోని నైట్రోజన్, తేమలోని హైడ్రోజన్ వెలిగినందువల్ల వస్తాయి. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగులో వస్తుంది. 4000 కెల్విన్ దగ్గర నిలిపి, రా ఫైలులో (కెమెరా సవరించని ముడి ఫైలులో) తీయండి.

మెరుపును తొలినాళ్లలో ఫోటో తీసినవారిలో ఒకరైన విలియం జెన్నింగ్స్ 1882లో ఫిలడెల్ఫియాలో ఈ పనికి దిగినప్పుడు, చిత్రకారులు గీసే వంకరటింకర కోణాల మెరుపు నిజం కాదని చూపించాలన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. ఆయన ఫోటో పలకల మీద పడింది నదిలా మెలికలు తిరిగే గీత. మీ ఫ్రేముల్లోనూ అదే చూస్తారు.

పది ఫ్రేముల మెరుపులను ఒకే ఫోటోలో కలపడం మోసమా?

కలిపినట్టు రాస్తే మోసం కాదు. ట్రైపాడ్ కదలనప్పుడు ఫ్రేములను పొరలుగా పేర్చి ‘లైటెన్’ విధానంలో కలిపితే ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న పిక్సెల్ మాత్రమే మిగులుతుంది, నగరం మారదు, మెరుపులు పోగవుతాయి. తుఫాను తీవ్రతను చూపడానికి అది చక్కని పద్ధతి. నిజానికి 20 సెకన్ల ఒకే ఎక్స్‌పోజర్‌లో మూడు మెరుపులు పడినా అవి ఏకకాలంలో పడినవి కావు కదా. అయితే నలభై నిమిషాల మెరుపులను ఒక్క క్షణంలో పడినట్టు చూపితే చూసేవారికి ఆ తుఫాను గురించి తప్పుడు లెక్క అందుతుంది. ‘రాత్రి 1:10 నుంచి 1:50 వరకు తీసిన 11 ఫ్రేముల కలయిక’ అని ఫోటో కింద ఒక్క వరుస రాయండి. విడి ఫ్రేముల రా ఫైళ్లను చెరిపేయకండి. ఎవరైనా వాతావరణ పరిశోధకులు మెరుపు పడిన సమయం అడిగితే పనికొచ్చేవి అవే, కాబట్టి సాయంత్రమే కెమెరా గడియారాన్ని సెకనుతో సహా సరిచేసుకోండి.